కొండ ఎక్కే పాఠం

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు కొన్ని బడుల్లో సాహస శిక్షణ ఇస్తారు. తాడు సాయంతో బండ ఎక్కిస్తారు. అడవి దారిలో నడిపిస్తారు. గుడారం వేయడం నేర్పుతారు. దానికి ముందు ఇంటికి ఒక కాగితం పంపుతారు. అది అనుమతి పత్రం. తల్లి గానీ, తండ్రి గానీ దాని మీద సంతకం పెట్టాలి.

కాగితం చూడగానే తల్లి గుండె దడదడలాడుతుంది. పిల్ల పడితే ఎట్లా? కాలు విరిగితే ఎట్లా? పక్కింటివాళ్లు వేరే మాట అంటారు. "ఆడపిల్లకు కొండలెందుకమ్మా? పెళ్లి కావాల్సిన పిల్ల!" మగపిల్లవాడి కాగితం మీద సంతకం పడుతుంది. ఆడపిల్ల కాగితం పక్కన పడుతుంది.

సంతకం పెట్టే ముందు ఈ శిక్షణ ఏమిటో తెలుసుకుందాం.

తాడు ఎలా కాపాడుతుంది?

బావి గిలక మీద చేదతాడు ఎలా నడుస్తుందో మీకు తెలుసు. ఇదీ అలాంటిదే. బండ పైన గట్టి కొక్కేలు బిగిస్తారు. వాటి గుండా తాడు వేస్తారు. ఒక కొసను ఎక్కే పిల్ల నడుము పట్టీకి ముడివేస్తారు. రెండో కొసను కింద ఉన్నవాళ్లు పట్టుకుంటారు. వాళ్ల నడుము పట్టీకి ఒక చిన్న పరికరం ఉంటుంది. తాడు దాని గుండా పోతుంది. పిల్ల కాలు జారితే వాళ్లు తాడును బిగిస్తారు. పరికరం తాడును కదలనివ్వదు. పిల్ల తాడుకు వేలాడుతుంది. నేల మీద పడదు.

తలకు హెల్మెట్ తప్పనిసరి. పైనుంచి రాయి పడినా, తల బండకు తగిలినా అది కాపాడుతుంది.

కల్లు గీసే మనిషి తాడిచెట్టు ఎక్కే ముందు మోకు చూసుకుంటాడు. పాతబడిన మోకుతో చెట్టెక్కడు. ఇక్కడా అంతే. ఎక్కే ముందు ప్రతిసారీ ముడి చూడాలి. ఎక్కే పిల్ల చూడాలి. తాడు పట్టే పిల్ల చూడాలి. నేర్పేవాళ్లు కూడా చూడాలి.

మొదటి రోజే పెద్ద కొండ ఎక్కించరు. ముందు నేల మీద ముడులు నేర్పుతారు. తర్వాత చిన్న బండ. ఆ తర్వాతే పెద్దది.

భువనగిరి నుంచి ఎవరెస్టు దాకా

మాలావత్ పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆమె సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదివింది. 2013లో గురుకులాల నుంచి వందకు పైగా పిల్లలను ఎంచి, భువనగిరి కొండ మీద శిక్షణ ఇచ్చారు. అది ఒకే రాతి కొండ. పూర్ణ అక్కడే బండ ఎక్కడం నేర్చింది.

బాగా నేర్చిన కొందరిని డార్జిలింగ్ పంపారు. మంచు కొండలు ఎక్కడం అక్కడ నేర్పారు. తర్వాత చలికి అలవాటు పడటానికి లడఖ్ తీసుకెళ్లారు. చివరికి ఇద్దరిని ఎంచారు. ఒకరు పూర్ణ. రెండోవాడు ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్.

2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం చేరారు. దాని ఎత్తు 8,848 మీటర్లకు పైనే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకు ముందు ఎవరూ లేరు.

అందరూ ఎవరెస్టు ఎక్కాలా?

అక్కరలేదు. చాలామంది పిల్లలు చిన్న బండతోనే ఆగుతారు. అయినా లాభం ఉంది. భయం వేసినప్పుడు నిదానంగా ఊపిరి తీసుకోవడం నేర్చుకుంటారు. "నాకు సాయం కావాలి" అని గట్టిగా చెప్పడం నేర్చుకుంటారు.

ఇంకొకటి కూడా ఉంది. పైన ఎక్కే పిల్ల ప్రాణం కింద తాడు పట్టినవాళ్ల చేతిలో ఉంటుంది. వాళ్లది ఏ కులం, ఆడా మగా అని అప్పుడు ఎవరూ అడగరు. తాడు గట్టిగా పట్టారా లేదా, అదే చూస్తారు.

తల్లి అడగవలసిన ప్రశ్నలు

ధైర్యం మంచిదే. కానీ అడగకుండా పంపడం ధైర్యం కాదు. తాడు ఉన్నా, సరిగా కట్టకపోతే ప్రమాదమే. బడికి వెళ్లి ఇవి అడగండి:

1. నేర్పేవాళ్లు శిక్షణ పొందినవాళ్లేనా?
2. ప్రతి పిల్లకూ హెల్మెట్, నడుము పట్టీ ఉన్నాయా?
3. ఆడపిల్లలతో టీచరమ్మ ఎవరు వెళుతున్నారు?
4. రాత్రి పడుకునేది ఎక్కడ? మరుగుదొడ్డి ఉందా?
5. దెబ్బ తగిలితే దగ్గరలో ఆసుపత్రి ఎక్కడ? బండి ఉందా?
6. ఏ ఫోన్ నంబరుకు చేయాలి?

మీరు చెప్పవలసినవి కూడా ఉన్నాయి. పిల్లకు ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు ఉంటే దాచవద్దు. నెలసరి సమయమైతే టీచరమ్మకు చెప్పండి. గుడ్డలు పెట్టి పంపండి. నెలసరి వచ్చిందని పిల్లను ఆపనక్కరలేదు. నీళ్ల సీసా, కాలికి సరిపోయే బూట్లు ఇవ్వండి. ఎండాకాలం మధ్యాహ్నం బండ కాలిపోతుంది. పొద్దున్నే ఎక్కిస్తారా అని అడగండి.

పిల్ల తనకు ఇష్టం లేదంటే బలవంతం చేయవద్దు. ఇష్టం ఉందంటే ఆడపిల్ల అని ఆపవద్దు.

కాగితం మొత్తం మీరే చదవండి. తేదీ, ఊరు, ఖర్చు చూడండి. అర్థం కాని మాట దగ్గర వేలు పెట్టి అడగండి. తర్వాతే సంతకం.

చర్చించండి

1. మీ ఊళ్లో తాడు మీద ఆధారపడి చేసే పనులు ఏవి? తాడు బాగుందో లేదో ఎలా చూస్తారు?
2. మగపిల్లవాడిని పంపి, ఆడపిల్లను ఆపిన సందర్భం మీకు తెలుసా? ఎందుకు ఆపారు?
3. పై ఆరు ప్రశ్నలకు మీరు ఇంకో ప్రశ్న చేర్చి రాయండి.