సగటు ఒకటే, గాలి ఒకటి కాదు



ఈ నెల ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన ప్రాజెక్ట్ అంశం: కాస్పియన్ సముద్రం మీది గాలి నుంచి కరెంటు. నెట్‌లో దొరికిన గాలిమర బొమ్మను ప్రింట్ తీసి చార్ట్‌కు అతికిస్తే మార్కులు రావు. "ఇక్కడ ఎంత కరెంటు వస్తుందో ఎలా లెక్కగట్టావు?" అని అడుగుతాం. ఇంట్లో మీరూ అదే అడగగలిగేలా ఈ పాఠం రాస్తున్నాను.

కాస్పియన్ ఏ మహాసముద్రంతోనూ కలవదు. చుట్టూ రష్యా, కజకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, ఇరాన్, అజర్‌బైజాన్ ఉన్నాయి. దాని నీటిమట్టం మామూలు సముద్రమట్టం కంటే 28 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. మరి నలువైపులా నేలే ఉంటే అంత గాలి ఎక్కడి నుంచి వస్తుంది?

అట్లాస్ తెరిచి పడమటి ఒడ్డు చూపించండి. కాకసస్ పర్వతాలు అక్కడ గోడలా నిలబడి, తూర్పు కొసకు వచ్చేసరికి ఎత్తు తగ్గిపోతాయి. ఉత్తర మైదానాల చల్లగాలి ఆ గోడను దాటలేక, దాని చివర నుంచి చుట్టూ తిరిగి ఒడ్డు వెంబడే దక్షిణానికి దూసుకొస్తుంది. ఆ దారిలోనే అబ్షెరాన్ ద్వీపకల్పం, దానిమీద బాకు నగరం ఉన్నాయి. ఈ గాలిని అక్కడివాళ్లు ఖజ్రీ అంటారు. దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి గాలి పేరు గిలవార్. బాకుకు 'గాలుల నగరం' అనే పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. గాలిలోని శక్తి దాని వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఒకచోట గాలి ఎప్పుడూ సెకనుకు 6 మీటర్ల వేగంతో వీస్తుందనుకోండి. 6 ఘనం 216. ఇంకోచోట సగం సమయం 3, మిగతా సగం 9 మీటర్ల వేగం. సగటు ఇక్కడా 6 మీటర్లే! కానీ 27, 729ల సగటు 378. అంటే శక్తి 1.75 రెట్లు. చాలా చార్టుల్లో 'సగటు వేగం' అని ఒకే అంకె రాసి ఊరుకుంటారు. సగం విషయం అక్కడే పోతుంది.

అలాగని గాలి ఎంత ఎక్కువైతే అంత లాభమనీ కాదు. సాధారణంగా సెకనుకు 25 మీటర్లు దాటితే దెబ్బతినకుండా టర్బైన్‌ను ఆపేస్తారు. భీకరమైన ఖజ్రీ వీచిన రోజు రావలసిన కరెంటు సున్నా కావచ్చు. అందుకే ఏ వేగం ఎన్ని గంటలు ఉందో కనీసం ఏడాది పాటు కొలుస్తారు. దిక్కు కూడా నమోదు చేస్తారు, ఎందుకంటే ముందున్న టర్బైన్ వెనకదానికి గాలి తగ్గిస్తుంది.

ఎత్తు సంగతి పిల్లలు తరచూ మరిచిపోతారు. వాతావరణ కేంద్రాలు గాలిని సాధారణంగా 10 మీటర్ల ఎత్తులో కొలుస్తాయి. టర్బైన్ ఇరుసు 100 మీటర్ల ఎత్తున ఉండవచ్చు. పైకి వెళ్లేకొద్దీ గాలి వేగం పెరుగుతుంది. నడిసముద్రంలో స్తంభాలు పాతడం ఖర్చు కాబట్టి, ఉపగ్రహాల రాడార్‌తో నీటి మీది చిన్న అలలను చూసి వేగాన్ని అంచనా వేస్తారు. ఒడ్డు దగ్గర నేల అడ్డొచ్చి ఈ పద్ధతి తడబడుతుంది.

ప్రపంచ బ్యాంకు అధ్యయనం ప్రకారం ఒక్క అజర్‌బైజాన్ వైపు సముద్రంలోనే సాంకేతికంగా 157 గిగావాట్ల అవకాశం ఉంది. 'సాంకేతికంగా' అన్న మాట కింద గీత గీయించండి. భారీ టర్బైన్లను నిలబెట్టే ఓడలు కాస్పియన్‌లోకి రావాలంటే వోల్గా-డాన్ కాలువ లాంటి లోతట్టు జలమార్గాలే దారి. వాటి లాకుల్లో పెద్ద ఓడలు పట్టవు. గాలి ఎంతున్నా, మూసుకున్న సముద్రానికి ఈ చిక్కు తప్పదు.

ఇంట్లో చేయించాల్సిన లెక్క: గాలి మూడు సమాన కాలాల్లో 4, 6, 8 మీటర్ల వేగంతో వీచింది. వేగాల సగటు, ఘనాల సగటు విడివిడిగా రాయమనండి. మొదటిది 6, రెండోది 264 రావాలి.