అక్క వాళ్ల బాత్‌రూమ్ నేల: ఒక థర్మోస్టాట్ పాఠం

గుంటూరులో పుట్టి పెరిగినవాడికి నేలని వేడి చేసుకోవడం అనే మాట వింటేనే నవ్వొస్తుంది. ఏప్రిల్ వచ్చిందంటే మేం సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లి, వేడి దిగాక పక్కలు వేసుకుంటాం. అలాంటిది మా అక్క, బావగారు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక పాత ఇల్లు కొనుక్కుని, బాత్‌రూమ్ టైల్స్ కింద కరెంటు హీటింగ్ వేయిస్తున్నామని చెప్పినప్పుడు, "డబ్బులెక్కువయ్యాయా అక్కా?" అన్నాను. "డిసెంబర్‌లో పొద్దున్నే ఒట్టి కాళ్లతో వచ్చి ఈ టైల్ మీద నిలబడు, అప్పుడు మాట్లాడు" అంది.

అక్కకి నెలలు నిండుతున్నాయి. పురుడు పోయడానికి అమ్మ నవంబర్‌లో వెళ్లాలి. అమ్మ వచ్చేలోపు ఆ పని పూర్తవ్వాలని అక్క తొందర. నేను సీఎస్ఈ రెండో సంవత్సరం కాబట్టి మా ఇంట్లో వైఫై నుంచి వాషింగ్ మెషిన్ దాకా దేనికైనా నేనే ఇంజనీర్‌ని. అలా ఈ థర్మోస్టాట్ కూడా వీడియో కాల్‌లో నా నెత్తిన పడింది. అందులో నేర్చుకున్నవీ, చేసిన ఒక పెద్ద తప్పూ ఇక్కడ రాస్తున్నాను. నా చదువంతా ఇంగ్లిష్ మీడియం కాబట్టి తెలుగులో తడబడితే సర్దుకోండి.

1. ముందు లెక్క

టైల్ కింద పరిచేది పల్చటి హీటింగ్ కేబుల్. దాన్ని ఒక వల మీద వంపులు వంపులుగా అతికించి, చాపలా చుట్టి అమ్ముతారు. బాత్‌రూమ్‌లకి సాధారణంగా చదరపు మీటరుకి 150 వాట్ల చాప వాడతారు. టబ్ కింద, కమోడ్ కింద, నేలకి ఆనుకుని ఉండే అలమారాల కింద పరచకూడదు. అక్కడ వేడి పైకి పోయే దారి ఉండదు. అవన్నీ తీసేస్తే అక్క వాళ్లకి మిగిలింది 4 చదరపు మీటర్లు. అంటే 600 వాట్లు. అక్కడి కరెంటు 230 ఓల్టులు కాబట్టి 600 ÷ 230, సుమారు 2.6 ఆంపియర్లు. ఇలాంటి థర్మోస్టాట్లు ఎక్కువగా 16 ఆంపియర్ల వరకు తట్టుకుంటాయి కాబట్టి ఇబ్బంది లేదు.

కేబుల్ రెసిస్టెన్స్ కూడా ముందే లెక్కేసుకోవచ్చు. 230 × 230 ÷ 600, సుమారు 88 ఓంలు. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

2. టైల్ కింద ఏం జరుగుతుంది

అడుగున ఇన్సులేషన్ బోర్డు వేస్తారు. అది లేకపోతే సగం వేడి కిందకే పోతుంది. దాని మీద చాప. గది ఆకారానికి తగ్గట్టు తిప్పడానికి వలని కత్తిరించొచ్చు గానీ కేబుల్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కత్తిరించకూడదు. పొడవు తగ్గితే రెసిస్టెన్స్ తగ్గి, కరెంటు పెరిగి, కేబుల్ కాలిపోతుంది. ఒక వరస ఇంకో వరసని తాకకూడదు, దాటకూడదు.

తర్వాత ఫ్లోర్ సెన్సర్. వైర్ చివర చిన్న బొడిపెలా ఉంటుంది. దాన్ని రెండు కేబుల్ వరసలకి సరిగ్గా మధ్యలో, ఒక సన్నటి గొట్టంలోకి దూర్చి పెడతారు. కేబుల్‌కి ఆనించి పెడితే నేల వేడికి బదులు కేబుల్ వేడి చూపిస్తుంది. గొట్టం ఎందుకంటే, రేపు సెన్సర్ పాడైతే టైల్ పగలగొట్టకుండా లాగేసి కొత్తది దూర్చొచ్చు. టైల్ జిగురు లోపలికి పోకుండా గొట్టం చివర మూసేస్తారు.

రెసిస్టెన్స్‌ని మూడుసార్లు కొలవాలి: చాప పరిచే ముందు, పరిచాక, టైల్స్ అతికించాక. మూడుసార్లూ 88కి దగ్గరగా, చాప లేబుల్ మీద ఇచ్చిన హద్దుల్లోనే రావాలి. అనంతం అని వస్తే ఎక్కడో తెగినట్టు. మేస్త్రీ తాపీ అంచు తగిలి కేబుల్ తెగినా, టైల్ అతికించాక కంటికి కనపడదు. అందుకే ప్రతి మెట్టులో కొలత. మన భాషలో చెప్పాలంటే ప్రతి కమిట్‌కీ ఒక టెస్ట్ అన్నమాట.

అన్నీ అయ్యాక వెంటనే స్విచ్ వేసి చూడాలనిపిస్తుంది. వేయకూడదు. జిగురు తనంతట తాను గట్టిపడాలి. హీటింగ్‌తో ఆరబెడితే పగుళ్లొస్తాయి. ఎన్ని రోజులు ఆగాలో జిగురు సంచి మీదే రాసి ఉంటుంది.

3. గోడ మీద పెట్టె

ఈ వైరింగ్ మనం చేసేది కాదు. ఇంగ్లండ్‌లో ఇళ్ల కరెంటు పనులకి బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లో పార్ట్ పీ అనే భాగం 2005 నుంచి అమల్లో ఉంది. బాత్‌రూమ్‌ని అక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాల్సిన చోటుగా చూస్తారు. అక్క వాళ్లకి రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్ వచ్చి చేసి, సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లాడు. 30 మిల్లీఆంపియర్లు లీకయినా సరఫరా ఆపేసే ఆర్‌సీడీ పెట్టాడు. హీటింగ్‌ని పూర్తిగా ఆపడానికి ఫ్యూజున్న విడి స్విచ్ పెట్టాడు. థర్మోస్టాట్‌ని తడి తగలకుండా బాత్‌రూమ్ బయట, హాల్ గోడకి బిగించాడు. ఈ 'బయట' అన్న మాటని కూడా గుర్తుపెట్టుకోండి.

పెట్టె వెనక సరఫరా వైర్లు రెండు, చాపకి వెళ్లేవి రెండు, సెన్సర్‌వి రెండు. సెన్సర్ వైర్లని ఎటు పెట్టినా ఫర్వాలేదు, అది ఒట్టి రెసిస్టరే. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎక్కువగా వాడే రకంలో 25 డిగ్రీల దగ్గర 10,000 ఓంలు ఉంటుంది. 5 డిగ్రీలకి వచ్చేసరికి రెట్టింపు దాటిపోతుంది.

లోపల నడిచే లాజిక్ మనం ఫస్టియర్ ల్యాబ్‌లో రాసేదే:

నేల 27.5 కంటే తక్కువైతే ఆన్ చెయ్యి.
నేల 28.5 కంటే ఎక్కువైతే ఆఫ్ చెయ్యి.
మధ్యలో ఉంటే ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచు.

మూడో లైనే ముఖ్యం. అది లేకపోతే 28 దగ్గర రిలే టకటకా కొట్టుకుని త్వరగా అరిగిపోతుంది. దీన్నే హిస్టెరిసిస్ అంటారు.

ఇంకో సంగతి. సెన్సర్ వైర్ తెగితే రెసిస్టెన్స్ అనంతం. పై కోడ్‌కి అది 'విపరీతమైన చలి'లా కనిపిస్తుంది, ఇక హీటర్‌ని ఆపదు. అందుకే మంచి థర్మోస్టాట్ హద్దులు దాటిన విలువ వస్తే ఎర్రర్ చూపించి హీటింగ్ ఆపేస్తుంది. ఇది చదివి ఎంత బాగా ఆలోచించారో అనుకున్నాను. నాలాంటివాడు కూడా ఉంటాడని మాత్రం వాళ్లు ఊహించలేదు.

4. నా తప్పు

అమ్మ వెళ్లింది. మేనల్లుడు పుట్టాడు. కొన్నాళ్లకి అక్క వాళ్లు ఇంటర్నెట్ రౌటర్ మార్చారు. ఫోన్ యాప్‌కి థర్మోస్టాట్ దొరకట్లేదని అక్క కాల్ చేసింది. ఇక్కడ అర్ధరాత్రి, తెల్లారితే నాకు ఇంటర్నల్ పరీక్ష. "ఫ్యాక్టరీ రీసెట్ కొట్టెయ్ అక్కా" అన్నాను. రీసెట్ అయ్యాక అది వరసగా ప్రశ్నలు అడిగింది. "సెన్సర్ మోడ్ అంట. ఏ, ఎఫ్, ఏఎఫ్ అని మూడున్నాయి. ఏది పెట్టను?" అంది. చంకలో బాబు ఏడుస్తున్నాడు. "ఏది ఉంటే అది ఉంచెయ్, డిఫాల్టే కరెక్ట్" అన్నాను. టెంపరేచర్ 28 పెట్టించి పడుకున్నాను.

ఆ డిఫాల్ట్ 'ఏ'. అంటే గాలి. పెట్టె తనలో ఉన్న సెన్సర్‌తో తన చుట్టూ ఉన్న గాలిని కొలుస్తుంది. పెట్టె ఉన్నది హాల్లో. హాల్లో 18 డిగ్రీలు. బాత్‌రూమ్ నేలని ఎంత కాల్చినా హాల్ 28కి ఎప్పటికి వస్తుంది? అది రాదు, హీటర్ ఆగదు. నేల సెన్సర్ బాగానే ఉంది కానీ ఆ మోడ్‌లో దాని మాట వినేవాళ్లు లేరు. ఎర్రర్ రాలేదు, ఎందుకంటే ఏదీ పాడవలేదు.

ఆనవాళ్లు కనపడుతూనే ఉన్నాయి. రాత్రిపూట కూడా స్మార్ట్ మీటర్ 600 వాట్లకి దిగట్లేదు, ఫ్రిజ్ పాడైందేమో అన్నారు బావగారు. రోజుకి 14.4 యూనిట్లు ఊరికే పోతున్నాయి. బాత్‌రూమ్ భలే వెచ్చగా ఉందని అందరూ మెచ్చుకున్నారు కూడా. నేను అమ్మని అడిగాను, "నేల వేడిగా ఉందా అమ్మా?" అని. "ఏమో నాన్నా, నాకేం తెలీట్లేదు" అంది. ఇబ్బందేం లేదంటోంది అనుకున్నాను.

అమ్మకి పన్నెండేళ్లుగా షుగర్. అరికాళ్లలో స్పర్శ సరిగ్గా లేదు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం, ఆవిడకి తెలీట్లేదు.

బాబు బట్టలు బేసిన్‌లో చేత్తో ఉతుకుతూ, అక్కడున్న మందపాటి మ్యాట్ మీద అరగంట నిలబడేది. నాలుగో రోజు అక్క ఆ మ్యాట్ ఎత్తి, కింద టైల్ మీద కాలు పెట్టి కెవ్వుమంది. అమ్మ పాదాలు చూస్తే మడమలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మోడ్ మార్చి చూస్తే నేల సెన్సర్ 41 చూపించింది. మ్యాట్ కింద వేడికి బయటపడే దారి లేదు కాబట్టి అక్కడ ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది. 44 డిగ్రీల దగ్గరే గంటల తరబడి ఆనించి ఉంచితే చర్మం కాలుతుందని ఆ తర్వాత చదివాను. బొబ్బలెక్కలేదు. నర్సుకి చూపించారు, వారం రోజుల్లో తగ్గింది. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అక్క మాత్రం రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు.

5. నేర్చుకున్నది

1883లో వారెన్ జాన్సన్ అనే అమెరికా టీచర్ గదికి పెట్టే కరెంటు థర్మోస్టాట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఆయన కాలేజీలో చలి ఎలా ఉందో చూడ్డానికి పనివాడు క్లాసు క్లాసుకీ తిరిగి, మళ్లీ కిందకెళ్లి వేడి సర్దేవాడట. పనివాడికి బదులు యంత్రం పెట్టినా, అది చూడాల్సింది ఆ గదినే. పక్క గదిలో కూర్చుని ఈ గది సంగతి చెప్పలేదు. మేం క్లాసులో ఫీడ్‌బ్యాక్ లూప్ బొమ్మ ఎన్నోసార్లు గీశాం. బాణం ఎక్కణ్ణుంచి వెనక్కి వస్తోందో నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

మీ వాళ్లెవరైనా చలి దేశంలో ఉంటే ఇవి చూడమనండి:

• పెట్టె వేరే గదిలో ఉంటే సెన్సర్ మోడ్ 'నేల' అనే ఉండాలి. పెట్టె అదే గదిలో ఉంటే 'గాలి, దానికి తోడు నేల హద్దు' పెట్టుకోవచ్చు.
• నేల గరిష్ఠ హద్దు తప్పకుండా పెట్టాలి. యూరప్ ప్రమాణాల్లో నివాస గదుల నేలకి 29, బాత్‌రూమ్‌కి 33 డిగ్రీలు పైహద్దు. షుగర్ ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఇంకా తగ్గించండి.
• హీటింగ్ ఉన్నచోట మందపాటి మ్యాట్లు, కాళ్లు లేని బీరువాలు వద్దు.
• నేల నెమ్మదిగా వేడెక్కుతుంది, నెమ్మదిగా చల్లారుతుంది. త్వరగా వేడెక్కుతుందని 35 పెట్టకండి, వేగం ఏమీ మారదు. లేచే టైమ్‌కి ముందే మొదలయ్యేలా షెడ్యూల్ పెట్టండి.
• రీసెట్ చేసే ముందు సెట్టింగ్స్ అన్నీ ఫోటో తీసుకోండి. చేశాక ఒక్కొక్కటీ సరిచూడండి.

ఇప్పుడు అక్కడ మోడ్ నేల, సెట్టింగ్ 26, హద్దు 28. మ్యాట్ తీసేశారు. ఆ పెట్టె మీద అంకె చదవడం అమ్మకి నేర్పించాను. ఏ అంకె దాటితే విడి స్విచ్ కట్టేయాలో కూడా చెప్పాను. ఇప్పుడు రోజూ కాల్ చేయగానే, బాబు సంగతి కంటే ముందు అదే చెప్తుంది: "ఇరవయ్యారే ఉందిరా, నువ్వు చదువుకో."