బోర్డు చేతికిచ్చే ముందు లైసెన్సూ డ్రైవరూ చూసుకోండి

రేపల్లె వైపు రొయ్యల చెరువుల ఏరేటర్లకు కంట్రోలర్ చేసినా, తెనాలిలో మోటారు స్టార్టర్ల బోర్డులు బాగుచేసినా, బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీలో చదివి ఎంబెడెడ్ ఉద్యోగంలో చేరినా, చిప్పులో తప్పెక్కడుందో పట్టుకోవడానికి యూఎస్‌బీ డీబగ్గర్ కావాలి. దాన్ని నడపడానికి చాలామంది వాడేది ఓపెన్‌ఓసీడీ. జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్‌లో డొమినిక్ రాత్ డిప్లొమా థీసిస్‌గా 2005లో మొదలైన సాఫ్ట్‌వేర్ అది. ఉచితమే, కానీ లైసెన్సు జీపీఎల్, అంటే ఇతరులకు పంచితే షరతులుంటాయి.

మీ షాపులో, మీ ల్యాబులో ఎంత వాడుకున్నా ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. దాంతో ఎక్కించినంత మాత్రాన మీ ఫర్మ్‌వేర్‌కు జీపీఎల్ అంటుకోదు. ఆ భయం వదిలేయండి. ఓపెన్‌ఓసీడీని మీ కిట్‌తోపాటు పెన్‌డ్రైవ్‌లో పెట్టి కస్టమర్‌కిస్తే మాత్రం లెక్క మారుతుంది. మీరు చేసిన మార్పులతో సహా సోర్సు ఇవ్వాలి, లేదా అడిగినవారికి ఇస్తామని కనీసం 3 ఏళ్ళు చెల్లే హామీ రాసివ్వాలి. సోర్సు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసివ్వడమే నయం. ఎవరికి ఏ వెర్షన్ ఇచ్చామో తర్వాత వెతుక్కునే పని తప్పుతుంది.

ఇంకో చిక్కుంది. చాలా డీబగ్గర్లలో ఉండే యూఎస్‌బీ చిప్పులు చేసే ఎఫ్‌టీడీఐ కంపెనీ ఇచ్చే డీ2ఎక్స్‌ఎక్స్ లైబ్రరీకి సోర్సు బయట దొరకదు. దాన్ని ఓపెన్‌ఓసీడీతో కలిపినా మీ దగ్గరే వాడుకోవాలి, జీపీఎల్ ప్రకారం ఇతరులకు పంచకూడదు. పంచేదాంట్లో ఓపెన్‌సోర్సు లైబ్రరీలైన లిబ్‌యూఎస్‌బీ, లిబ్‌ఎఫ్‌టీడీఐ వాడండి.

విండోస్‌లో లిబ్‌యూఎస్‌బీ నడవాలంటే చాలా డీబగ్గర్లకు జాడిగ్ అనే టూల్‌తో విన్‌యూఎస్‌బీ డ్రైవర్ వేయాలి. తొందరపడితే దెబ్బతినేది ఇక్కడే. ఎఫ్‌టీడీఐవారి ఎఫ్‌టీ2232హెచ్ చిప్పున్న బోర్డు జాడిగ్‌లో ఇంటర్‌ఫేస్ 0, ఇంటర్‌ఫేస్ 1 అని రెండుగా కనిపిస్తుంది. చాలా బోర్డుల్లో డీబగ్గింగ్‌కు వాడే జేటాగ్ 0 మీద, సీరియల్ పోర్టు 1 మీద ఉంటాయి. అలాంటిదైతే 0 ఒక్కదానికే మార్చండి. 1కి కూడా మార్చారో, కామ్ పోర్టు మాయమైపోతుంది. అప్పుడు డివైస్ మేనేజర్‌లో ఇంటర్‌ఫేస్ 1ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ, డ్రైవర్ కూడా తీసేయమనే టిక్కు పెట్టి, కేబుల్ ఊడదీసి మళ్ళీ పెట్టండి.

లినక్స్‌లో అడ్డుపడేది ఎక్కువగా పర్మిషనే. ప్రతిసారీ సుడోతో నెట్టుకురాకుండా, ఓపెన్‌ఓసీడీతో వచ్చే యూడెవ్ రూల్స్ ఫైలును ఒకసారి వేసుకోండి.

చవక యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్ళతో జాగ్రత్త. 2014 అక్టోబరులో విండోస్ అప్‌డేట్‌తో వచ్చిన ఎఫ్‌టీడీఐ డ్రైవర్ నకిలీ చిప్పుల ప్రొడక్ట్ ఐడీని సున్నా చేసేసింది. నకిలీ అని తెలియక కొన్నవాళ్ళ కేబుళ్ళు కూడా ఉన్నట్టుండి పనిచేయడం మానేశాయి. కస్టమర్‌కు పంపే కిట్‌లో పెట్టే కేబుల్ అధీకృత డీలర్ దగ్గరే కొని, బిల్లు దాచుకోండి.