ఇంటి బ్యాటరీ – దాని నిజమైన వెల

వేసవిలో పరీక్షలకు చదువుకొను విద్యార్థికి విద్యుత్తు ఆగిన గంట ఎంత దీర్ఘమో మన రాజుపాలెం వాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. 2012లో రాష్ట్రమున కోతలు తీవ్రమైన కాలమున అనేక కుటుంబములు ఇన్వర్టరును ఆశ్రయించినవి. అయితే అంగడిలో చెల్లించు ధర ఒక్కటే దాని వెల కాదు.

12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో నిలువ ఉండు శక్తి 12 × 150 = 1,800 వాట్-అవర్లు; అనగా 1.8 యూనిట్లు. సీసపు బ్యాటరీని తరచు పూర్తిగా ఖాళీ చేసినచో దాని ఆయువు తగ్గును. కనుక సగము, అనగా 900 మాత్రమే వాడుట మంచిది. 75 వాట్ల ఫ్యానులు రెండు, 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు మూడు కలిపి 180 వాట్లు. 900ని 180తో భాగించిన 5 గంటలు. ఇన్వర్టరులో కలుగు నష్టము పోగా సుమారు 4 గంటలు.

ఇక ఖర్చు. ఉదాహరణకు బ్యాటరీ 15,000 రూపాయలు, ఆయువు 5 ఏండ్లు. ఇన్వర్టరు 7,000 రూపాయలు, 10 ఏండ్లు అనుకొందము. ఏటికి 3,000 + 700 = 3,700 రూపాయలు. దినమునకు ఒక గంట కోత ఉన్న ఇంట గంటకు 10 రూపాయలు పడును. ఏడాదికి 100 గంటలే కోత ఉన్నచో 37 రూపాయలు. అనగా కోతలు తగ్గినకొలది ఈ వెలుగు ప్రియమగును. ఛార్జింగుకగు విద్యుత్తు ఖర్చు దీనితో పోల్చిన స్వల్పము.

మరి మార్గమేమి? పెద్ద బ్యాటరీ కొనుటకు ముందు భారమును తగ్గించుట. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానులు అమర్చినచో మొత్తము 90 వాట్లే. అదే బ్యాటరీ ఇంచుమించు రెట్టింపు కాలము పనిచేయును. డిస్టిల్డు వాటరు సకాలమున పోయవలెను, బావినీరు పోయరాదు.

చదువుకొను బిడ్డయో, రోగియో ఉన్న ఇంట 37 రూపాయల గంటయు దండుగ కాదు. కాని పొరుగింటిని చూచి కాక, తన ఇంటి కోతను, భారమును లెక్కించుకొనియే కొనవలెను.