రిపోర్టులో సున్నా చూసి బెంగపడ్డావా?

రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రం మనం ఏం చేస్తాం? ఇంట్లో ఎవరికీ చెప్పకుండా, పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదువుకుంటాం. మామోగ్రామ్, అదే రొమ్ము ఎక్స్‌రే, ఊరికే చేయించుకుందామని వెళ్ళాం, ఏ బాధా లేదు. కాగితం చివర మాత్రం 'బైరాడ్స్ 0, మరికొన్ని పరీక్షలు అవసరం' అని ఉంటుంది. అంతే, గుండెల్లో రాయి పడుతుంది. రాత్రంతా ఫోన్‌లో వెతుకుతాం. పొద్దున్నకి మనకి లేని జబ్బంటూ ఉండదు.

ముందు ఆ టీ తాగు చెల్లీ, చల్లారిపోతోంది. ఫోన్ పక్కన పెట్టు. సున్నా అంటే చెడ్డ వార్త కాదు, అసలు ఇంకా ఏ వార్తా కాదు. 'ఈ బొమ్మలతో నేను తేల్చి చెప్పలేను, ఇంకో కోణంలో తీయండి, లేదా అల్ట్రాసౌండ్ చేయండి, లేదా పాత ఫిల్ములు చూపించండి' అని రేడియాలజిస్టు అడుగుతున్నారంతే. బైరాడ్స్ అన్నది డాక్టర్లు ఒకరి మాట ఒకరికి తేడా లేకుండా అర్థమవ్వాలని పెట్టుకున్న అంకెల పద్ధతి. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది ప్రమాదం లేనిదే. 3 చూసి ఏడవకు, అక్కడ క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకి మించదు, సాధారణంగా ఆరు నెలలకి మళ్ళీ చూద్దామంటారు. 4 దగ్గర మాత్రం కాస్త ఆగి, పక్కన అక్షరం ఉందేమో చూడు. ఎందుకంటే ఆ ఒక్క అంకె నూటికి రెండు నుంచి తొంభై అయిదు దాకా పరుచుకుని ఉంటుంది. 4ఏ అయితే పదిలోపే. అక్షరం రాయకపోతే డాక్టర్ని అడుగు, 'ఏ, బీ, సీలలో ఏదండీ?' అని. అడగడానికి మొహమాటపడకు, అది నీ రిపోర్టు.

మరి ఏమీ లేకపోతే మళ్ళీ ఎందుకు పిలుస్తారు, అంటావు కదూ? అమెరికా లెక్క చెప్తాను విను. అక్కడ మామోగ్రామ్ చేయించుకున్న వంద మందిలో దాదాపు పది మందిని మళ్ళీ రమ్మంటారు. ఆ పది మందిలో క్యాన్సర్ తేలేది ఒక్కరికన్నా తక్కువే. అంటే వెనక్కి పిలిచిన వాళ్ళలో ఎక్కువ మంది ఊపిరి పీల్చుకుని ఇంటికి పోయేవాళ్ళే. ఆ రాత్రి మనం చేసుకోవాల్సిన లెక్క ఇది, ఫోన్‌లో కనిపించే భయంకరమైన కథలు కాదు. అలాగని 'ఎలాగూ ఏమీ ఉండదులే' అని మానెయ్యకూడదు. ఆ మిగిలిన ఒక్కరి కోసమే కదా ఈ పరీక్షంతా.

ఇంకో మాట రిపోర్టులో కంగారు పెడుతుంది, 'సాంద్రత ఎక్కువ' అని. అదేదో రోగం కాదమ్మా. రొమ్ములో కొవ్వు ఎక్స్‌రేలో నల్లగా, గ్రంథులూ నారా తెల్లగా పడతాయి. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. తెల్లదనమే ఎక్కువున్న చోట గడ్డని పట్టుకోవడమంటే మల్లెపూల బుట్టలో తెల్లపూస వెతుక్కోవడమే. వయసులో చిన్నవాళ్ళకి ఇలా ఉండటం మామూలు. అందుకే అల్ట్రాసౌండ్ కూడా చేయించమంటారు, డబ్బు కోసం చెప్తున్నారని అనుకోకు. ధ్వని తరంగాలు వేరే దారిలో వెళ్ళి, నీళ్ళ బుడగా, గట్టి గడ్డా అన్నది తేల్చిపెడతాయి.

ఇక ఆ యంత్రం సంగతి. చల్లటి పలక మీద పెట్టి పైనుంచి ఇంకో పలకతో నొక్కుతుంటే ఎవరికైనా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. సిగ్గొకటి, నొప్పొకటి. అంత నొక్కడం ఎందుకంటే, పొరలు ఒకదాని మీద ఒకటి పడి ఒకదాన్నొకటి దాచెయ్యకుండా పరుచుకోవాలి, కదలకుండా ఉండాలి. పలచబడితే తక్కువ ఎక్స్‌రేతోనే బొమ్మ బాగా వస్తుంది. నొక్కేది కొన్ని క్షణాలే. ఒక్కో వైపు రెండు బొమ్మలు, పైనుంచి ఒకటి, ఏటవాలుగా ఒకటి. నెలసరి అయిపోయిన వారంలో అపాయింట్‌మెంట్ పెట్టుకో, అప్పుడు సలపరం తక్కువ. ఆ రోజు చంకల్లో డియోడరెంటూ పౌడరూ రాసుకోకు. వాటిలోని రేణువులు బొమ్మలో తెల్లటి చుక్కలుగా పడి, డాక్టర్లు జాగ్రత్తగా వెతికే సున్నపు చుక్కల్లా కనిపిస్తాయి. అనవసరంగా ఇంకో రాత్రి నిద్ర పోతుంది. రేడియేషన్ భయమా? రెండు వైపులా కలిపి పడేది దాదాపు 0.4 మిల్లీసీవర్ట్. నేల నుంచీ ఆకాశం నుంచీ మనిషి మీద ఎలాగూ పడేదానితో పోలిస్తే అది కొన్ని వారాల పాటిది. కడుపుతో ఉన్నా, ఉన్నావేమోనని అనుమానమున్నా మాత్రం ముందే చెప్పాలి.

పాత ఫిల్ములు ఎక్కడ పెట్టావు? బీరువా పైనా, మంచం కిందా? సర్దుళ్ళలో పారేశావా? ఇక్కడ నేను కాస్త గట్టిగానే చెప్తాను. రేడియాలజిస్టు నీ బొమ్మని ఒక్కదాన్నే చూడరు. కుడినీ ఎడమనీ పక్కపక్కన పెట్టుకుని తేడా వెతుకుతారు, తర్వాత రెండేళ్ళ కిందటి బొమ్మతో పోల్చి, ఏం మారిందో వెతుకుతారు. అయిదేళ్ళుగా కదలకుండా ఉన్న మచ్చ వేరు, కిందటేడు లేనిది ఇప్పుడు కనిపించడం వేరు. పాతది దగ్గర లేకపోతే ఆ రెంటికీ తేడా చెప్పడం ఎవరి తరం? ఎన్నో సున్నాలు పాత బొమ్మ తెస్తేనే 2గా మారిపోతాయి. కాబట్టి స్కానింగ్ సెంటర్లో సీడీ కూడా అడిగి తీసుకో. కాగితం మీదా ఫిల్ము మీదా పడని సూక్ష్మమైన ఛాయలు అసలు ఫైల్‌లో ఉంటాయి.

ఇప్పుడు కంప్యూటరే చూసి చెప్పేస్తుందట కదా అక్కా, డాక్టర్ చూడరా, అని చాలామంది అడుగుతున్నారు. చూస్తారు. స్వీడన్‌లో 2021, 2022 సంవత్సరాల్లో ఎనభై వేల మంది ఆడవాళ్ళతో ఒక పెద్ద పరిశోధన జరిగింది. అక్కడ మామూలుగా ప్రతి మామోగ్రామ్‌నీ ఇద్దరు రేడియాలజిస్టులు చదువుతారు. ఈ పరిశోధనలో సగం మంది బొమ్మలకి ముందు కంప్యూటర్ 1 నుంచి 10 దాకా మార్కులేసింది. 10 వచ్చినవాటిని ఇద్దరు డాక్టర్లు, మిగతావాటిని ఒక్కరు చదివారు. ఫలితం? వెయ్యి మందిలో అయిదుగురికి క్యాన్సర్ బయటపడే చోట ఆరుగురికి బయటపడింది. వెనక్కి పిలిచినవాళ్ళు మాత్రం పెద్దగా పెరగలేదు. డాక్టర్లు చదవాల్సిన బొమ్మల భారం 44 శాతం తగ్గింది. నాకైతే ఇందులో బాగా నచ్చింది ఇదే, ఒక్క బొమ్మ కూడా డాక్టరు కంటపడకుండా పోలేదు.

అయితే ఆ మార్కులు నేర్చుకునేది ఎవరి బొమ్మల మీద? ఇది మనం పట్టించుకోవాల్సిన ప్రశ్న. న్యూమోనియా పట్టుకోవడానికి ఛాతీ ఎక్స్‌రేలతో కంప్యూటర్‌కి శిక్షణ ఇచ్చిన వ్యవహారం ఒకటి 2018లో అమెరికాలో బయటపడింది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ పరిశోధకులు పరీక్షించి చూస్తే, అది ఊపిరితిత్తుల్నే కాదు, బొమ్మ ఏ ఆసుపత్రిదో కూడా గుర్తుపడుతోంది. కుడి ఎడమలు తెలియడానికి టెక్నీషియన్ ఎక్స్‌రే మూలన ఒక చిన్న లోహపు అక్షరం పెడతాడు చూడు, ఆ బిళ్ళ కూడా దానికి ఒక ఆనవాలు అయిపోయింది. ఫలానా చోట న్యూమోనియా రోగులు ఎక్కువ కాబట్టి, ఆ చోటిదని తెలిస్తే చాలు, జబ్బు ఉందని మొగ్గు చూపేది. కొత్త ఆసుపత్రి బొమ్మలు పెడితే తడబడింది. అందుకే మన ఊళ్ళ వాళ్ళ బొమ్మలు, మన యంత్రాల మీద తీసినవి, ఆ పరిశోధనల్లో ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. మనం లేని లెక్క మనకి సరిగ్గా సరిపోతుందని ఎలా నమ్ముతాం?

అలా అని ఎవరో కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టమని కాదు. 'మీ స్కాన్ పరిశోధనకి వాడుకోవచ్చా?' అంటే ముందు కూర్చుని అడుగు. నా పేరు తీసేస్తారా? పేరు ఫైల్ లోపల కూడా రాసి ఉంటుంది, అల్ట్రాసౌండ్‌లో అయితే బొమ్మ మూలనే అచ్చవుతుంది, రెండు చోట్లా తీసేస్తారా? ఎవరికి ఇస్తారు? ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా? ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధ వాడకానికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో మార్గదర్శకాలే విడుదల చేసింది, ఇవన్నీ అడగదగ్గ ప్రశ్నలే. వద్దంటే నీ వైద్యం ఏమీ ఆగకూడదు. సమాధానాలు నచ్చితే మాత్రం నిండు మనసుతో ఇవ్వు. రేపు మన పిల్లలకి పనికొస్తుంది.

మామోగ్రామ్ దాకా వెళ్ళే వీలు లేని అక్కచెల్లెళ్ళ మాటేమిటి? వాళ్ళకోసమే ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు సాగించిన అధ్యయనం ఉంది. బస్తీల్లో లక్షన్నర మంది. యంత్రం లేదు, వాళ్ళలో దాదాపు సగం మందికి శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు, మిగతావాళ్ళతో పోల్చి చూశారు. అన్ని వయసులూ కలిపి చూస్తే మరణాల్లో తేడా కచ్చితంగా తేలలేదు. యాభై, ఆ పైబడ్డ వాళ్ళలో మాత్రం దాదాపు 30 శాతం తగ్గాయి. సర్కారు దవాఖానాల్లో ముప్పై దాటిన ఆడవాళ్ళకి చేత్తో చూసే పరీక్ష ఇప్పుడు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఈ సంగతి చెప్పు, వీలైతే ఒక పూట సెలవిచ్చి పంపించు.

డాక్టర్ బయాప్సీ అంటే 'సూది గుచ్చితే పాకుతుందట' అన్న మాట ఎవరో ఒకరు అంటారు. వినకు. ఆ చోటికి మత్తిచ్చి సన్నని ముక్క తీస్తారు, ఏమిటో తేలాలంటే దారి అదే. అలాగే రిపోర్టు శుభ్రంగా ఉన్నా గడ్డ చేతికి తగులుతుంటే, చర్మం లోపలికి లాగినట్టున్నా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, 'మొన్ననే బాగుందన్నారుగా' అని ఊరుకోకు. కొన్ని గడ్డలు మామోగ్రామ్‌లో కనపడవు. నలభై దాటితే ఎప్పటెప్పటికి చేయించుకోవాలో డాక్టర్ని అడుగు. అమ్మకో, అక్కకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే అడగాలి. సోమవారం పొద్దున్నే ఆ సెంటర్‌కి ఫోన్ చెయ్యి. పాత ఫిల్ములూ సీడీలూ ఒక సంచిలో పెట్టుకో. ఆయనకి కూడా ఇవాళే చెప్పు, ఒక్కదానివే మోసుకుని తిరగకు. వెళ్ళేటప్పుడు ఆయన్నో, అక్కనో వెంట తీసుకెళ్ళు. డాక్టరు చెప్పేటప్పుడు సగం మాటలు మన చెవిన పడవు, పక్కనున్నవాళ్ళు వింటారు.