ఇంటిప్రక్క చేపలగుంట

బంగ్లాదేశము నదుల దేశము. పద్మ, జమున, మేఘన అను మహానదులు దానిగుండ ప్రవహించి సముద్రమున కలియుచున్నవి. వానకాలమున పల్లపు నేలలన్నియు నీట మునుగును. అందుచే అచటి పల్లెవాసులు మట్టి త్రవ్వి ఎత్తుగా దిబ్బ పోసి, దానిపై ఇల్లు కట్టుకొందురు. మట్టి తీసిన చోట గుంట మిగులును.

ఈ గుంటలలో అనేకము చిరకాలము కొరగానివై పడియుండెను. వానిలో నాలుగైదు నెలలు మాత్రమే నీరు నిలుచును, గుర్రపుడెక్క అల్లుకొనును, దోమలు ముసురును. శీలావతి, బొచ్చె వంటి చేపలు తగిన బరువునకు వచ్చులోపల గుంట ఎండిపోవును. చేపయు అన్నమును ఉన్ననే బెంగాలీ యని అచటి సామెత. అట్టి దేశమున, నీటి ప్రక్కనే కాపురముండు కూలివాడు అంగడిలో చేప కొనలేకుండెను.

1980వ దశకము ఉత్తరార్ధమున ఈ గుంటలపై దృష్టి నిలిపినవారిలో ముఖ్యుడు తెలుగువాడు. ఆయన బాపట్లలో 1939లో జన్మించిన మోదడుగు విజయ్ గుప్తా. కొద్దికాలము నిలుచు నీటిలో త్వరగా పెరుగు చేప కావలెను. ఆఫ్రికానుండి వచ్చిన నైలు తిలాపియా అట్టిది. అది నాచును, కంటికి కనబడని జలజీవులను తిని బ్రదుకును. నీటిలో ప్రాణవాయువు తగ్గినను ఓర్చుకొనును. పెరటి పనిలో నేర్పుగల గృహిణులకే ఆయన ఈ పెంపకమును నేర్పించెను. ఇట్టి కృషికి 2005లో ప్రపంచ ఆహార బహుమతి ఆయనకు లభించెను.

పద్ధతి సులభము. గుంటను శుభ్రపరచి సున్నము చల్లుదురు; పేడ వేసి నీటిని పచ్చబరతురు; చదరపు మీటరునకు రెండేసి పిల్లలను వదలి, దినదినము కొంత తవుడు చల్లుదురు. 200 చదరపు మీటర్ల గుంటలో 400 పిల్లలు వదలగా 300 మిగిలి, ఒక్కొక్కటి 100 గ్రాములు తూగినను, 30 కిలోల చేప ఇంటికి వచ్చును. కూలివాని ఇంట ఇది స్వల్పము కాదు.

అయితే ఈ చేపకు ఒక చిక్కు గలదు. మూడు నాలుగు నెలల ప్రాయముననే అది గ్రుడ్లు పెట్టును. తల్లి ఆ గ్రుడ్లను నోటిలో ఉంచుకొని, ఆహారము మాని కాపాడును. పిల్లలు వెలువడిన పిదప కూడ, అపాయము తోచినచో మరల నోటిలోనికి తీసికొనును. ఇట్టి తల్లుల రక్షణలో గుంట పిల్లలతో క్రిక్కిరిసిపోవును. మేత చాలక అన్నియు గిడసబారును. అంగడి లెక్కలో ఇది నష్టమే. వంటింటి లెక్క వేరు. ఆ చిన్నచేపలను ముండ్లతో కూడ నమలి తిను బిడ్డల ఎముకలకు బలము చేకూరును. ఎకరమునకు ఎన్ని టన్నులని మాత్రమే కొలుచువారికి ఈ రెండవ లెక్క కానరాదు.

చిక్కును తీర్చుటకు ఉత్పత్తి కేంద్రములలో చేపపిల్లల మేతయందు హార్మోను కలిపి, సుమారు మూడు వారములు పెట్టుదురు. అప్పుడు దాదాపు అన్నియు మగవే యగును. మగచేప ఆడుదానికంటె త్వరగా ఎదుగును. జాతిని మెరుగుపరచు యత్నము 1988లో ఫిలిప్పీన్సు దేశమున ఆరంభమయ్యెను. ఈజిప్టు, ఘానా, కెన్యా, సెనెగల్ దేశములనుండి తెచ్చిన చేపలను అందుకు వాడిరి. ఆ మేలుజాతి 1994లో బంగ్లాదేశము చేరెను. నేడు ఆ దేశమున ఏటికి 3 లక్షల టన్నులకు పైగా తిలాపియా పండుచున్నది.

ఈ వృద్ధిలో చిన్నవాని పాలు నిలుచుట కష్టము. మగచేపల గుంటలో పిల్లలు పుట్టవు. ఏటేట వెలబెట్టి కొనవలెను. కర్మాగారపు మేతకే ఖర్చులో సగమునకు పైగా పోవును. చేప ధర పడిపోయినచో పెద్ద చెరువులవాడు ఓర్చుకొనును; అప్పు తెచ్చి మేత కొన్న చిన్నవాడు ఓర్చుకొనజాలడు. అందుచే పలువురు గృహిణులు ఇప్పటికిని తవుడును, పేడనే నమ్ముదురు.

శీతకాలమున గుంట అడుగంటును. అప్పుడు వల వేసి పట్టిన చేపలలో పెద్దవానిని అంగడికి పంపి, చిన్నవానిని వంటకు ఉంచుకొందురు. అమ్మకపు సొమ్ములో కొంత రాబోవు వర్షర్తువున పిల్లలు కొనుటకై దాచుదురు. మిగిలిన బురదను కూరపాదులకు వేయుదురు.