కాలినొప్పికి ఎన్ని మాటలు?

మా అవ్వకు పార్కిన్సన్ జబ్బు. చేతి వణుకు అందరికీ కనపడుతుంది. రాత్రి కాళ్లు పెట్టే బాధ ఇంట్లోవాళ్లకే తెలుసు. "పీకుతా ఉంది", "పట్టేసింది", "కొంకర్లు పోతా ఉంది" అని అవ్వ మూడు రకాలుగా చెప్తే, నేను డాక్టరుగారికి తమిళంలో అన్నిటికీ 'వలి' అనేశాను. తెలుగు చదువుకుంటూ చేసిన పొరపాటు!

పడుకోగానే కాళ్లు పీకి, లేచి నడిస్తే తగ్గే బాధ ఒకటి. ఒంట్లో ఇనుము తక్కువైతే అది ఎక్కువవుతుంది, రక్తపరీక్ష చేయించాలి. తెల్లవారుజామున వేళ్లు ముడుచుకుని పాదం లోపలికి తిరిగిపోవడం వేరు. చాలాసార్లు, ముందురోజు వేసుకున్న లెవోడోపా మాత్ర బలం అప్పటికి అయిపోవడమే దానికి కారణం. మాత్ర వేళ మార్చాల్సింది డాక్టరే, మనంతట మనం ఆపేస్తే ప్రమాదం. ఊరికే పిక్క పట్టేస్తే పాదాన్ని పైకి వంచి మెల్లగా సాగదీస్తే చాలు. పక్కమీద ఒత్తిగిల్లలేకపోయినా నిద్ర చెడుతుంది.

1817లో జేమ్స్ పార్కిన్సన్ రాసిన వ్యాసంలోనే ఈ నిద్రలేమి మాట ఉంది.

ఇప్పుడు అవ్వ మంచం పక్కన ఒక నోటుబుక్కు పెట్టాం. ఎన్ని గంటలకు ఏ బాధో, ఆమె అన్న మాటతోనే రాస్తున్నాం. నిన్న తెల్లవారి 4 గంటలకు: "కొంకర్లు".